ఒడిలోని యంత్రము

మోయదగిన బరువు ఎంత, ఆ బరువువలన కలుగు ప్రయోజనము ఎంత అను విచారణ మానవునకు క్రొత్తది కాదు. పూర్వకాలమున దూరప్రయాణము చేయు బాటసారి మూటలో ఏమేమి కట్టుకొనవలెనో, ఏమేమి ఇంటియొద్ద విడిచిపోవలెనో ఆలోచించుకొన్న పిమ్మటనే గడప దాటెడివాడు. మూట తేలికయైనచో నడక సుఖము. కాని మజిలీ చేరిన పిదప వంటకు గిన్నె లేదని విచారింపవలసి వచ్చును. గిన్నెలు, చెంబులు అన్నియు కట్టుకొన్నచో మజిలీయందు సుఖము. కాని నడక దుర్భరము. నేటి విద్యార్థులును, ఉద్యోగులును సంచులలో పెట్టుకొని తిరుగు ల్యాప్‌టాప్ కంప్యూటరు విషయమునను ఇదే చిక్కు కలదు.

'ల్యాప్' అనగా ఒడి. ఒడిలో పెట్టుకొని పని చేసికొనదగిన కంప్యూటరు కనుక దీనికి ఆ పేరు వచ్చినది. తెర, మీటల పలక, లెక్కలు చేయు ప్రాసెసరు, సమాచారమును దాచు మెమొరీ, విద్యుత్తు నిచ్చు బ్యాటరీ అన్నియు పుస్తకమువలె మడచుటకు వీలైన యొక పెట్టెలో నిమిడియుండును. ఈ పెట్టె నానాటికి పలుచనగుచున్నది. పలుచని యంత్రము కంటికి ముచ్చటగను, చేతికి తేలికగను ఉండును. కాని ఆ పలుచదనమునకై మనము చెల్లించు మూల్యము ధరచీటిపై వ్రాసిన రూపాయలు మాత్రమే కాదు. తక్కిన మూల్యమేదో తెలిసికొనుట ఈ వ్యాసమునందలి ఉద్దేశము.

మొదట ఈ యంత్రము నడచివచ్చిన దారిని చూతము. 1981వ సంవత్సరమున అమెరికాలో 'ఆస్బర్న్ 1' అను కంప్యూటరు వెలువడినది. దానిని వెలువరించిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యము తమిళనాడులోని అరుణాచల క్షేత్రమైన తిరువణ్ణామలైలో గడచినది. చేత పట్టుకొని పోదగిన కంప్యూటరుగా అది పేరు పొందినను, దాని బరువు సుమారు 11 కిలోగ్రాములు. తెర ఐదంగుళములు మాత్రమే. లోపల బ్యాటరీ లేనందున గోడకు తీగ తగిలించినగాని అది పనిచేయదు. కుట్టుమిషను పెట్టెవలె దానిని మోసికొని పోవలసినదే కాని ఒడిలో పెట్టుకొనుటకు వీలు లేదు. 1982లో వచ్చిన 'గ్రిడ్ కంపాస్' అను యంత్రమునకు బిల్ మాగ్రిడ్జ్ అను శిల్పి పుస్తకమువలె మూతపడు రూపము నిచ్చెను. నేటి ల్యాప్‌టాప్‌లన్నిటికి ఆ రూపమే ఒరవడి. దాని బరువు సుమారు 5 కిలోగ్రాములు. ధర 8,000 డాలర్లకు పైమాట. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా దానిని తన స్పేస్ షటిల్ నౌకలలో ఉపయోగించినది.

2008 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన యొక సభలో యాపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ సాధారణమైన కాగితపు కవరునుండి ఒక ల్యాప్‌టాప్‌ను వెలికితీసి చూపెను. దాని పేరు 'మ్యాక్‌బుక్ ఎయిర్'. బరువు 1.36 కిలోగ్రాములు. దళసరియైన చోట 1.94 సెంటీమీటర్లు, మిక్కిలి పలుచనైన చోట 0.4 సెంటీమీటరు మందము. ఆ యంత్రము కాగితపు కవరులో పట్టుటకు ఏమేమి వదలుకొనవలసి వచ్చినదో గమనింపవలెను. సీడీలను, డీవీడీలను చదువు భాగము పోయినది. ఇంటర్నెట్ తీగను తగిలించు తావు పోయినది. పెన్‌డ్రైవ్ మున్నగువానిని తగిలించు యూఎస్‌బీ పోర్టు ఒక్కటే మిగిలినది. బ్యాటరీని కొన్నవారు స్వయముగా మార్చుకొను వీలు పోయినది. మెమొరీని లోపలి పలకకే అతికించినందున తరువాత దానిని పెంచుకొను మార్గమును మూతపడినది.

ఈ వదలుకొన్నవానిలో కొన్నిటికి కాలము అనుకూలించినది. సీడీల వాడుక క్రమముగా తగ్గిపోగా, వానిని చదువు భాగము లేని కొరత తెలియకపోయెను. కొన్నిటి కొరత మాత్రము వెంటనే తెలిసివచ్చినది. 2010లో వచ్చిన తరువాతి మ్యాక్‌బుక్ ఎయిర్ మునుపటికంటె పలుచనైనను దానికి యూఎస్‌బీ పోర్టులు రెండు అమర్చబడినవి. కావున తీసివేసిన ప్రతి వస్తువును అనవసరమైనదని చెప్పరాదు, అవసరమైనదనియు చెప్పరాదు. ఆ భాగముతో ఎవరికి ఎట్టి పని కలదో దానినిబట్టి తీర్పు ఉండును.

ఇక యంత్రబలము సంగతి. ప్రాసెసరు ఎంత విద్యుత్తును గ్రహించునో అదియంతయు తుదకు వేడిగా మారును. పలుచని యంత్రములకు 15 వాట్లకు అటునిటుగా విద్యుత్తును గ్రహించు ప్రాసెసర్లను వాడుట సామాన్యము. దళసరి యంత్రములలో 45 వాట్లును, అంతకు మించియు గ్రహించునవి కలవు. వేగము పెరిగినకొలది విద్యుద్వ్యయము సమానముగా పెరుగదు. వేగమును పెంచుటకు సాధారణముగా వోల్టేజిని గూడ పెంచవలెను. వ్యయము వేగమును, వోల్టేజి వర్గమును అనుసరించి పెరుగును. వేగమును, వోల్టేజిని నూటికి పదివంతున హెచ్చించితి మనుకొందము. 1.1ను మూడుమారులు హెచ్చవేసినచో 1.331 వచ్చును. అనగా నూటికి పది వేగము కొరకు నూటికి ముప్పదిమూడు విద్యుత్తు అధికముగా కావలెను. అట్లే రెండింటిని నూటికి ఇరువది తగ్గించినచో 0.8ను మూడుమారులు హెచ్చవేయగా 0.512 వచ్చును. అనగా వ్యయము దాదాపు సగమునకు తగ్గినది. కొంచెము వేగమును వదలుకొన్నచో చాల విద్యుత్తు మిగులును. పలుచని ల్యాప్‌టాప్ సాధ్యమగుటకు ఈ లెక్క ముఖ్యమైన యాధారము.

పుట్టిన వేడిని బయటికి పంపుట మరియొక సమస్య. పొగలు గ్రక్కు అన్నమును చల్లార్చుటకు మనము విసనకఱ్ఱతో విసరుదుము. విసనకఱ్ఱ చిన్నదైనకొలది గాలి తగ్గును. అన్నము చల్లారుటకు ఎక్కువసేపు పట్టును. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరునందలి వేడిని రాగిగొట్టములు గ్రహించి సన్నని లోహపు రేకులకు చేర్చును. చిన్న ఫ్యాను ఆ రేకుల నడుమ గాలిని వీచును. పెట్టె పలుచనైనకొలది ఫ్యాను రెక్కలు కురుచనగును. గాలి పోవు సందును ఇరుకగును. కొన్ని యంత్రములలో ఫ్యానే ఉండదు. పెట్టెయొక్క లోహమే వేడిని వెలుపలికి విడువవలెను. వేడి హద్దు మీరినపుడు ప్రాసెసరు తన్నుతాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును.

ఇందుకు చక్కని దృష్టాంతము 2020 నవంబరులో లభించినది. యాపిల్ సంస్థ 'ఎం1' అను తన ప్రాసెసరును ఒకేసారి రెండు ల్యాప్‌టాప్‌లలో పెట్టినది. వానిలో మ్యాక్‌బుక్ ఎయిర్‌నకు ఫ్యాను లేదు. 13 అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోకు ఫ్యాను కలదు. ఉత్తరము వ్రాయుట, చిత్రమును తెరచుట వంటి స్వల్పమైన పనులలో రెండింటికి భేదము కనబడదు. పెద్ద వీడియోను సిద్ధపరచుట వంటి దీర్ఘమైన పనిలో మాత్రము ఫ్యాను గలది తన వేగమును నిలుపుకొనును. లేనిది కొంతసేపటికి వెనుకబడును. నూరు గజముల పందెములో సమానముగా పరుగెత్తిన ఇద్దరిలో ఒకడు క్రోసెడు దూరము పరుగెత్తునప్పటికి అలసిపోయినట్లు ఇది యుండును. కావున రెండు యంత్రములపై ఒకే ప్రాసెసరు పేరు కనబడినంతమాత్రమున రెండును సమానబలము గలవని తలపరాదు.

బ్యాటరీ విషయమునను ఇట్టి లెక్క కలదు. దానిలో నిలువయుండు శక్తిని వాట్-గంటలలో కొలుతురు. 50 వాట్-గంటల బ్యాటరీ గల యంత్రము సగటున 5 వాట్లు వ్యయము చేసినచో 10 గంటలు పనిచేయును. 25 వాట్లు వ్యయము చేసినచో 2 గంటలకే ఆగిపోవును. బ్యాటరీని పెంచుకొనవచ్చును గదా యనినచో బరువు పెరుగును. అంతేకాక విమానప్రయాణపు నిబంధనలు అడ్డుపడును. 100 వాట్-గంటలకు మించిన లిథియం బ్యాటరీని విమానములో తీసికొనిపోవుటకు విమానసంస్థ అనుమతి కావలెను. పెద్ద ల్యాప్‌టాప్‌ల తయారీదారులు బ్యాటరీలను ఆ హద్దునకు లోబడి నిర్మించుటకు ఇది ముఖ్యకారణము.

ఇక పోర్టుల మాట. 'పోర్టు' అను మాటకు రేవు అని యొక అర్థము కలదు. విశాఖపట్టణపు రేవున ఓడలనుండి సరకులు దిగునట్లును ఎక్కునట్లును, కంప్యూటరు పోర్టులగుండ సమాచారము వచ్చుచు పోవుచుండును. పెన్‌డ్రైవ్, ప్రింటరు, ప్రొజెక్టరు, కెమెరా కార్డు, ఇంటర్నెట్ తీగ ఇవన్నియు ఆ రేవునకు వచ్చు ఓడలు. 1996లో రూపొందిన యూఎస్‌బీయొక్క పాత తగులు సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పును, 4.5 మిల్లీమీటర్ల ఎత్తును గలది. 2014లో వెలువడిన 'టైప్-సి' తగులు సుమారు 8.3 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే గలది. ఇంటర్నెట్ తీగకు కావలసిన తావు అనేకములైన పలుచని యంత్రముల అంచుకంటె ఎత్తైనది. అంచు సన్నగిల్లినకొలది పెద్ద పోర్టులు తొలగిపోవుటకు కారణ మిదియే.

2015లో వచ్చిన యొక మ్యాక్‌బుక్ 920 గ్రాముల బరువును, 13.1 మిల్లీమీటర్ల మందమును కలిగియుండెను. చెవికి పెట్టుకొను హెడ్‌ఫోను తావు గాక దానికి ఒకే యొక టైప్-సి పోర్టు కలదు. బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించుటకు అదే, పెన్‌డ్రైవ్ తగిలించుటకు అదే, ప్రొజెక్టరునకు అదే. ఒక పని జరుగుచున్నపుడు మరియొకటి కావలెనన్నచో అడాప్టరును వేరుగా కొని సంచిలో పెట్టుకొనవలెను. యంత్రమునుండి తొలగించిన బరువులో కొంత ఈ విధముగా సంచిలోనికి తిరిగివచ్చినది. ఆ యంత్రపు విక్రయము 2019లో నిలిచిపోయినది. 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుండి తొలగింపబడిన హెచ్‌డీఎంఐ పోర్టును, కెమెరా కార్డు తావును 2021లో ఆ సంస్థయే తిరిగి అమర్చినది. ఆ నూతన యంత్రములలో పెద్దది 16.8 మిల్లీమీటర్ల మందము గలది. 2016 నాటి పెద్ద యంత్రము 15.5 మిల్లీమీటర్లే. ఒక మిల్లీమీటరు పైచిలుకు మందమును పెంచుటకు తయారీదారులు వెనుదీయలేదు.

మరియొక మూల్యము కొన్ననాడు కనబడదు; కొన్ని యేండ్ల తరువాత కనబడును. మెమొరీని పలకకు అతికించిన యంత్రములో అది చాలనినాడు యంత్రమునే మార్చవలెను. బ్యాటరీని జిగురుతో అంటించినచో దానిని మార్చుట సామాన్యునకు సాధ్యము కాదు. ఒక్కొక్క రూపాయి కూడబెట్టి కొన్న కుటుంబమునకు ఇది చిన్న సంగతి కాదు. అయితే పలుచని యంత్రము లన్నియు ఇట్లే ఉండవలెనను నియమము లేదు. 2021లో వచ్చిన 'ఫ్రేమ్‌వర్క్' అను ల్యాప్‌టాప్ బరువు సుమారు 1.3 కిలోగ్రాములే, ఐనను దాని మెమొరీని మార్చవచ్చును, కావలసిన పోర్టును చిన్న పెట్టెవలె తీసి పెట్టవచ్చును. శ్రద్ధ వహించినచో కొంతవరకు సమన్వయము సాధ్యమే యని దీనివలన తెలియుచున్నది.

అట్లయిన ఎవరికి ఎట్టిది తగును? 2020లో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన పాఠశాల సంచి విధానము ప్రకారము విద్యార్థి మోయు సంచి అతని శరీరపు బరువులో పదవ వంతునకు మించరాదు. 40 కిలోగ్రాముల బరువు గల విద్యార్థి 4 కిలోగ్రాములు మోయవచ్చును. ల్యాప్‌టాప్, దాని చార్జరు కలిసి రెండున్నర కిలోగ్రాములైనచో పుస్తకములకు, అన్నపు గిన్నెకు, నీళ్లకు మిగులునది కిలోన్నర మాత్రమే. యంత్రము కిలోగ్రామున్నరకు లోపుగా ఉన్నచో అట్టివానికి మేలు. దినదినము బస్సులలో తిరుగుచు లేఖలు, లెక్కలు వ్రాసికొను ఉద్యోగికిని పలుచనిదే చాలును. అధికబలమునకై అతడు చెల్లించు ధనము వృథా యగును. చలనచిత్రములను కూర్చువాడు, ఇంజనీరింగు నమూనాలను గీయువాడు గంటలకొలది యంత్రమును పూర్తివేగముతో నడుపవలెను. వారికి ఫ్యానులు, పోర్టులు గల దళసరి యంత్రము తగును. వారి యంత్రము ఎక్కువకాలము బల్లమీదనే ఉండును గనుక బరువు బాధింపదు.

"అవ్వా కావలెను, బువ్వా కావలెను" అను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. తేలికదనము, బలము, చాలినన్ని పోర్టులు, దీర్ఘకాలము నిలుచు బ్యాటరీ, తక్కువ ధర ఈ యైదింటిని సంపూర్ణముగా ఒకే యంత్రమునందు కోరుట ఆ సామెతలోని కోరికవంటిదే. శాస్త్రము పురోగమించినకొలది బేరములోని షరతులు మనకు అనుకూలముగా మారుచుండును. కాని బేరము మాత్రము తప్పదు. కావున అంగడిలో ఏది మిక్కిలి పలుచనిది, ఏది మిక్కిలి వేగము గలది యని మొదట అడుగరాదు. నేను దీనితో చేయు పని యేమి, ఎంతసేపు చేయుదును, ఎంతదూరము మోయుదును, దీనికి ఏమేమి తగిలింతును అని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నలకు సమాధానము తెలిసినవానికి తగిన యంత్రమును ఎన్నుకొనుట కష్టము కాదు.