పట్టాలపై పనులు.. ముందుగా ఆగేది చిన్న రైలే

బుచ్చిరెడ్డిపాలెం: బుచ్చి పట్టణానికి రైల్వేస్టేషన్ లేదు. అయినా విజయవాడ-గూడూరు మార్గంలో పనులు మొదలైనప్పుడల్లా ఇక్కడి ప్రయాణికులకు తిప్పలు తప్పడం లేదు. పెన్నకు ఉత్తర గట్టున ఉన్న పడుగుపాడు స్టేషన్‌లో ప్యాసింజర్ రైళ్లే ప్రధాన ఆధారం. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే పెన్న దాటి నెల్లూరు చేరాల్సిందే. పనుల పేరిట రైళ్లు తగ్గించినప్పుడు తొలి వేటు పడేది ఈ ప్యాసింజర్లు, తక్కువ దూరం రైళ్లపైనే. 2023, 2024 సంవత్సరాల్లో బిట్రగుంట-చెన్నై సెంట్రల్, బిట్రగుంట-విజయవాడ రైళ్లు రోజుల తరబడి పలుమార్లు రద్దయ్యాయి.

ఈ పనుల్లో పెద్దది మూడో లైను. సుమారు 288 కిలోమీటర్ల విజయవాడ-గూడూరు మూడో లైను 2015-16లో మంజూరైంది. అంచనా వ్యయం రూ.3,246 కోట్లు. ఒక్కసారిగా కాక కొన్ని స్టేషన్ల మధ్య చొప్పున దీనిని పూర్తి చేస్తూ వచ్చారు. గూడూరు-మనుబోలు మధ్య పట్టాల మీదుగా పట్టాలు దాటే 2.2 కిలోమీటర్ల వంతెన ఇందులో భాగమే. కొత్త లైను వేసినంతకాలం పాత లైన్లపై రైళ్లు నడుస్తూనే ఉంటాయి. దానిని స్టేషన్‌లోని పాత పట్టాలతో కలిపే రోజుల్లోనే అసలు చిక్కు.

నాన్ ఇంటర్‌లాకింగ్ అంటే..

స్టేషన్‌లో సిగ్నళ్లు, పట్టాలు మార్చే పాయింట్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పాయింటు సరైన దారికి అమరకుండా పచ్చ సిగ్నల్ పడదు. ఈ కట్టడినే ఇంటర్‌లాకింగ్ అంటారు. కొత్త లైను కలిపేటప్పుడు పాత ఏర్పాటును విప్పి, కొత్తదానిని అమర్చి పరీక్షించాలి. ఆ కొద్ది రోజులూ సిబ్బంది పాయింట్లను చేతితో అమర్చి, బిగించి తాళం వేస్తారు. డ్రైవర్‌కు సిగ్నల్‌కు బదులు రాతపూర్వక అనుమతి అందుతుంది. రైలు ఆ చోట నెమ్మదిగానే సాగాలి. నిమిషంలో దాటే రైలుకు ఎంతో సమయం పడుతుంది. అన్ని రైళ్లనూ నడపడం అసాధ్యం కనుక కొన్నింటిని ఆపుతారు. ఇది భద్రత కోసమే. ఇందులో తప్పుపట్టడానికి లేదు.

ఏ రైలును ఆపుతారన్నదే ప్రశ్న. ప్రతి స్టేషన్‌లో ఆగే ప్యాసింజర్ ఎక్కువసేపు లైనును ఆక్రమిస్తుంది. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లో నెలల ముందే రిజర్వేషన్లు జరిగి ఉంటాయి. దానిని గుంటూరు, నంద్యాల, ఎర్రగుంట్ల, రేణిగుంట మీదుగా మళ్లించే వీలూ ఉంది. పడుగుపాడు, తలమంచి ప్రయాణికుల రైలును ఎక్కడికి మళ్లిస్తారు? రద్దు తప్ప దానికి మరో దారి లేదు. లెక్క ప్రకారం ఇది సబబే కావచ్చు, కానీ ప్రతిసారీ భారం మోసేది ఒకే వర్గం.

బిట్రగుంట-చెన్నై రైలుకు మరో ఇబ్బంది ఉంది. గూడూరు వరకు విజయవాడ డివిజన్, ఆ తర్వాత దక్షిణ రైల్వే చెన్నై డివిజన్. ఏ వైపు పనులు జరిగినా దీనికి గండమే. తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రం చెన్నైలో తిరుగుముఖం పట్టే ఈ రైలు రోగులకు, చిరు వ్యాపారులకు ఎంతో అనువైనది. సెంట్రల్‌లో దిగితే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఎదురుగానే ఉంటుంది. రైలు లేనినాడు బస్సే గతి. ఆంధ్ర బస్సులు 2018 నుంచి నగర శివారులోని మాధవరంలో ఆగుతున్నాయి. అక్కడి నుంచి మళ్లీ సిటీ బస్సో, ఆటోనో వెతుక్కోవాలి. రోగిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి చార్జీల కన్నా ఈ మార్పిడే కష్టం.

2021 నవంబరు వరదల్లో నెల్లూరు-పడుగుపాడు మధ్య పట్టాల కట్ట కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. అది చెప్పి రాని ఆపద. పట్టాల పనులు అలాంటివి కావు. తేదీలు ముందే ఖరారవుతాయి, ప్రకటనా వెలువడుతుంది. అయితే అందులో ఉండేది రైలు నంబర్ల వరుస. ‘పాక్షిక రద్దు’ అంటే రైలు మధ్య స్టేషన్‌లోనే ఆగిపోతుందని, ‘దారి మళ్లింపు’ అంటే తమ స్టేషన్‌కే రాకపోవచ్చని చాలామందికి స్టేషన్‌కు వెళ్లాకే తెలుస్తోంది. చీకటితోనే బుచ్చి నుంచి బయలుదేరినవారికి ఆ కబురు అక్కడ తెలిసి ప్రయోజనం లేదు. ఆ రోజుల్లో పడుగుపాడు, నెల్లూరు మీదుగా అదనపు ఆర్టీసీ సర్వీసులు నడిపితే కొంత ఊరట.

రైలు పూర్తిగా రద్దయితే ఆన్‌లైన్ టికెట్ సొమ్ము మొత్తం ఖాతాకు తిరిగి జమవుతుంది. కౌంటర్‌లో కొన్నవారు మూడు రోజుల్లోగా టికెట్‌ను కౌంటర్‌లోనే అప్పగించి సొమ్ము పొందాలి. దారి మళ్లిన రైలు తాము ఎక్కాల్సిన స్టేషన్‌కు రాకపోతే ఆన్‌లైన్ టికెట్‌దారులు టీడీఆర్ దాఖలు చేసుకోవాలి. బయలుదేరే ముందు రాత్రి 139కి ఫోన్ చేసి రైలు ఉందో లేదో తెలుసుకోవచ్చు.