తండ్రి విడిచిపోయిన మోటారు కారు

గత మాసమున మిరుదొడ్డిలో మొక్కజొన్న చేలను చూచుటకై మేము పోయియుండగా, ఒక కృషీవలుడు మమ్ములను తన కొట్టమునకు పిలుచుకొనిపోయెను. పురుగు పట్టిన కంకులనేమైన చూపుటకు గాబోలునని తలంచితిమి. అచ్చట గడ్డిమోపుల నడుమ, గోనెపట్టాల క్రింద, తెల్లని అంబాసిడరు కారొకటి నిలిచియున్నది. అది ఆయన తండ్రిది. తండ్రి గతించి అప్పటికి ఏడు వారములు. "దీనిని ఏమి చేయవలెనో మీరైన చెప్పుడు" అని ఆయన అడిగెను.

ఆ కారు మొదటి రిజిస్ట్రేషను 1971వ సంవత్సరమునాటిది. తండ్రి దానిని హైదరాబాదులో పాతదిగా కొని తెచ్చెనట. ఊరిలో మరియొక కారు లేని కాలమున, ప్రసవవేదన పడు స్త్రీలను రాత్రివేళ సిద్ధిపేట ఆసుపత్రికి చేర్చినది అదియే. ఎందరో పెండ్లికొడుకులు దానిలో ఊరేగిరి. కావున ఆ బండి ఆ యింటిది మాత్రమే కాక కొంత ఊరిది కూడ. పెద్దకుమారుడు హైదరాబాదులో ఉద్యోగి, ఆయన అమ్మివేయుమనుచున్నాడు. ఊరి పెద్దలు తండ్రి గుర్తుగా ఉంచుకొమ్మనుచున్నారు. పాత యినుప సామాను వర్తకుడు తూకము లెక్కన వెల కట్టి రెండుమారులు వచ్చిపోయెను. చిన్నకుమారుడగు ఈ కృషీవలుడు ఏమియు తేల్చలేక, గోనెపట్టాలు కప్పి ఊరకుండెను.

మా వృత్తి పైరుపచ్చలకు సంబంధించినది గాని మోటారులకు సంబంధించినది కాదు. అయినను ఈ చిక్కు ఆ యొక్క యింటిదే కాదు. పాత ట్రాక్టరో, జీపో, మోటారు సైకిలో తండ్రి పేరనే యుండి కొడుకుల చేతులలో నడచుచున్న యిండ్లు మన సభ్యులలో అనేకములు గలవు. కనుక మేము విచారించి తెలిసికొన్న సంగతులను, ఆ కుటుంబమువారి యనుమతితో, ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇట్టి చిక్కు సామాన్యులకే కాక ప్రభువులకును కలిగినది. మన ప్రాంతము 1948 వరకు నిజాము రాజ్యములోనిది గదా. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీవారికి ఒక కారు నిమిత్తమై ఉత్తరువిచ్చెను. అది వచ్చులోపలనే, 1911 ఆగస్టు నెలలో, ఆయన పరమపదించెను. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్టు కారు, పసుపుపచ్చని రంగుతో, వెనుక సింహాసనమును బోలిన ఎత్తైన ఆసనముతో, కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీఖానునకు సంక్రమించెను. ఆయన దానిని మిక్కిలి అరుదుగా వెలుపలికి తీయించెడివాడు. 1967 ఫిబ్రవరిలో ఆయనయు గతింపగా ఆస్తి మనుమడు ముకర్రం జా చేతికి వచ్చెను. అప్పుడు మోటారుశాలలలో సుమారు 60 కార్లుండగా నడచునవి నాలుగేయనియు, క్రొత్త నిజామును పట్టాభిషేకానంతరము తీసికొనిపోవలసిన బండియే మొరాయించెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. పెట్రోలునకును విడిభాగములకును సొమ్ము మాత్రము ఏటేట వ్యయమగుచునే యుండెనట.

తరువాత ముకర్రం జా విదేశములలో నివసించుటచే భవనములును బండ్లును చాలకాలము పాడుపడినవి. ఆయన మొదటి భార్య యువరాణి ఎస్రా పూనుకొని హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమును బాగుచేయించి, 2005లో ప్రజల దర్శనమునకు తెరిపించెను. ఆ పనికి 2010లో యునెస్కోవారి బహుమానము లభించెను. పసుపుపచ్చని రోల్స్ రాయిస్ నేడు అచ్చటనే యున్నది. టిక్కెట్టు కొన్న ప్రతివాడును దానిని చూడవచ్చును. దీనివలన మేము గ్రహించినదేమన, వారసత్వముగా వచ్చిన బండిని చెరుపునది పేదరికము మాత్రమే కాదు. ఎవరు చూచుకొందురో, దేనికొరకు ఉంచుదురో నిర్ణయింపక విడుచుట అంతకంటె ఎక్కువ చెరుపును. ధనవంతుని ఇంటనైనను అదియే జరిగినది.

మేము మిషను బడిలో చదువుకొను దినములలో, యజమానుడిచ్చిన తలాంతును వాడక భూమిలో పాతిపెట్టిన సేవకుని కథ చెప్పెడివారు. ఆ సేవకుడు దొంగ కాడు, సొమ్మును పాడుచేయనులేదు, అట్లే తిరిగి యిచ్చెను. అయినను దోషియయ్యెను. కొట్టములోని కారు అంతకంటెను హీనస్థితిలోనున్నది. పాతిపెట్టిన నాణెము పాతిపెట్టినట్లే యుండును గాని నిలిపిన యంత్రము అట్లుండదు.

ఇది కృషీవలులకు తెలియని సంగతి కాదు. ఒక ఋతువంతయు కదల్పని డీజిలు ఇంజను ఎట్లుండునో మనమెరుగుదుము. కారును అట్టిదే. ట్యాంకులో నిలిచిన పెట్రోలు కొన్ని మాసములకు జిగురై కార్బ్యురేటరు రంధ్రములను మూసివేయును. ఇప్పుడు బంకులలో పోయు పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. చెరకు, మొక్కజొన్న, బియ్యముల నుండి తయారగు ఈ ఇథనాలు తేమను పీల్చును; 1971 నాటి రబ్బరు గొట్టములు దాని నిమిత్తము చేయబడినవి కావు. బ్రేకు నూనెయు తేమను పీల్చి లోపలి లోహమును త్రుప్పు పట్టించును. టైర్లు ఒకేచోట బరువు మోసి అణగిపోవును. గడ్డి దగ్గర నిలిపినచో ఎలుకలు తీగలను కొరుకును. అన్నిటికంటె చెడ్డది, పిస్టను రింగులు సిలిండరుకు త్రుప్పుతో పట్టుకొనుట.

అట్లు నిలిచిన బండిని ఒక్కసారిగా తాళము త్రిప్పి నడుప యత్నింపరాదు. తెలిసిన మేస్త్రీని పిలిచి, ముందు పాత పెట్రోలును వంపివేయవలెను. స్పార్కు ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండరులో కొంచెము ఇంజను నూనె పోసి, ఒక దినము నాననిచ్చి, పిమ్మట ఇంజనును చేతితో త్రిప్పి చూడవలెను. నూనె మార్చి, బ్రేకులు పరీక్షించిన తరువాతనే బండిని కదల్పవలెను. మేము చెప్పగా ఆ కృషీవలుడు సిద్ధిపేటనుండి వృద్ధుడైన యొక మేస్త్రీని రప్పించెను. ఇంజను పట్టుకొనలేదు. ఇంకొక వర్షాకాలము ఊరకుంచినచో పట్టుకొనియుండెడిదని ఆయన చెప్పెను. అంబాసిడరు 1957 మొదలు 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్సువారిచే తయారై దేశమంతట విరివిగా నడచినది. అందువలన దీనిని బాగుచేయ నేర్చినవారు ఇంకను గలరు. కాని వారు నానాటికి వృద్ధులగుచున్నారను సంగతి మరువరాదు.

ఇక చట్టమునుగూర్చి. చాలమంది ఇచ్చటనే పొరపడుచున్నారు. బండి యజమానుడు చనిపోయినచో, దానిని స్వాధీనమునందుంచుకొన్న వారసుడు 30 దినములలోపల రిజిస్టరు చేయు అధికారికి మరణవార్తను, తాను బండిని వాడదలచిన సంగతిని తెలుపవలెను. అట్లు తెలిపినవానికి మరణదినము మొదలు మూడు మాసములవరకు బండి నడుపుటకు అనుమతి గలదు. ఆ మూడు మాసములలోపల 31వ నమూనా పత్రముతో, మరణ ధ్రువపత్రమును, రిజిస్ట్రేషను పత్రమును, భీమా పత్రమును జతపరచి, పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు ఇట్లు విధించుచున్నవి. ట్రాక్టరునకును మోటారు సైకిలునకును ఇదియే నిబంధన. చనిపోయినవాని పేర నున్న బండి ఎవరినైన గుద్దినచో, భీమా విషయమున కలుగు తగవు పొలమునే మ్రింగగలదు.

మన కృషీవలుడు ముప్పది దినముల గడువును అప్పటికే దాటించియుండెను. మూడు మాసముల గడువు మాత్రము మిగిలియుండెను. ఆలస్యమైనను మరునాడే సిద్ధిపేటలోని జిల్లా రవాణా కార్యాలయమునకు పోయి మరణవార్తను వ్రాతమూలముగా నిమ్మనియు, పేరు మారువరకు బండిని వీధిలోనికి తీయవద్దనియు మేము చెప్పితిమి. ఆయన అట్లే చేసెను.

పేరు మారిన తరువాత ఆ బండికి మూడు మార్గములు గలవు. మొదటిది, మామూలుగా వాడుకొనుట. సొంత కారు రిజిస్ట్రేషను తొలుత 15 సంవత్సరములును, పిమ్మట తనిఖీ జరిపించి ఐదేసి సంవత్సరములును చెల్లును. రెండవది, 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారము దానిని ప్రాచీన వాహనముగా రిజిస్టరు చేయించుట. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, చట్రము, పైకట్టు, ఇంజను మార్పునొందక యున్న బండ్లకే ఇది వర్తించును. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించిన అంబాసిడర్లు మన ప్రాంతమున చాలగలవు. వానికి ఇది కుదరదు. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. పది సంవత్సరములు చెల్లును. పిమ్మట మరల చేయించుటకు 5,000 రూపాయలు. అయితే అట్టి బండిని ప్రదర్శనలకును, ప్రాచీన వాహనముల యాత్రలకును, మరమ్మతులకును తప్ప నిత్యము వీధిలో వాడరాదు. సంతకు పోవుటకు పనికిరాదన్నమాట. మూడవది, ప్రభుత్వము గుర్తించిన తుక్కు కేంద్రమునకిచ్చి ధ్రువపత్రము పుచ్చుకొనుట. దానితో క్రొత్త బండి పన్నులో కొంత తగ్గింపు దొరకవచ్చును. ధ్రువపత్రము లేక దారిన పోవు వర్తకునకు తూకమున కిచ్చినచో, బండి పోయినను పేరు మాత్రము మిగిలియుండును.

అమ్ముటకును ఉంచుటకును ముందు మరియొక ప్రశ్న గలదు. ఈ బండి ఎవరిది? ఆ యింట అన్నదమ్ములిద్దరును తమదేయని తలంచియుండిరి. "ఆడబిడ్డకు ఎరుకపరచితిరా?" యని మేమడిగితిమి. ఎవరును మారుపలుకలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక చనిపోయినవాని స్వార్జితములో భార్యకును, కుమారులకును, కుమార్తెకును సమభాగములు గలవు. ఆ కారులో నాలుగు పాళ్లు. అందొకటి తల్లిది, ఒకటి సిద్ధిపేటలో ఉపాధ్యాయినిగా నున్న కుమార్తెది. నలుగురి సమ్మతిలేక ఒకని పేరికి మార్చినచో పిమ్మట తగవులు పుట్టును.

ఆదివారమునాడు నలుగురును కూడిరి, మమ్ములనుగూడ రమ్మనిరి. తుక్కు వర్తకుడు చెప్పిన వెలకును, పాత కార్లను సేకరించు హైదరాబాదు గిరాకి చెప్పిన వెలకును మూడింతల భేదము గలదు. పెద్దవాడు ఆ గిరాకికే అమ్ముదమనెను. చిన్నవానికి మనసొప్పలేదు గాని, ఆయనకు పైకప్పు గట్టిగానున్న చోటు లేదు, బండి నడుపుట రాదు, బోరు మోటారు కాలిపోయి మరమ్మతునకు ఎదురుచూచుచున్నది. అప్పుడు కుమార్తె పలికెను: "పొలంల పాలు నేను అడుగలే. గీ బండి మాత్రం అడుగుతున్న." తాను పుట్టిన రాత్రి తల్లిని ఆసుపత్రికి చేర్చినది ఆ బండియేనట. ఆమె యింట రేకుల షెడ్డు గలదు, నడుపుటయు వచ్చును.

పొలములోని హక్కు వేరు, కారు వేరు, ఒకదానితో మరియొకటి ముడిపెట్టరాదని మేము వెంటనే చెప్పితిమి. పెద్దవాడు తలవంచుకొనెను. చిన్నవాడు చాలసేపు ఊరకుండి, ఊరివారేమనుకొందురోయని సందేహించెను. అప్పుడు తల్లి అతనితో అనెను: "మీ నాయిన దీన్ని నడుపుకోనికి తెచ్చిండు బిడ్డా, నిలవెట్టుకోనికి గాదు." దానితో మాట తేలెను.

సేకరించువాడు చెప్పిన వెలనే ప్రమాణముగా గైకొనిరి. తల్లి తన పాలును కూతురికి విడిచెను. అన్నదమ్ముల పాళ్లను ఆమె రెండు విడతలుగా చెల్లించును. తమ్మునికి మొదటి విడతతోనే బోరు మోటారు బాగగును. ముగ్గురును సమ్మతిపత్రములపై వ్రాళ్లు చేసిరి. గడువునకు తొమ్మిది దినములు మిగిలియుండగా దరఖాస్తు దాఖలయ్యెను. ప్రాచీన వాహనముగా మార్చవలెనా, మామూలుగానే ఉంచవలెనా యను దానిని ఆమె తన వాడుకనుబట్టి పిమ్మట నిర్ణయించుకొనును.

మొన్న మేము మరల పోయినప్పుడు కొట్టము ఖాళీగా నున్నది. కారు నిలిచిన చోట నూనె మరకయొకటి మిగిలియున్నది. దానిపై మొక్కజొన్న బస్తాలు పెట్టుటకు ఆయనకింకను చేయి రాలేదని చెప్పెను. బోరు మాత్రము నీరు పోయుచున్నది.

సభ్యులకు మా మనవి యిది. ఇంట మరణము సంభవించినప్పుడు, దుఃఖములోనైనను మొదటి మాసములోనే బండి కాగితములను వెదకి తీయుడు. వారసులనందరిని, ఆడబిడ్డలతో సహా, ఒకచోట కూర్చుండబెట్టుడు. ఎవరికి చోటును, ఓపికయు, నడుపు నేర్పును గలవో వారికే బండిని అప్పగించి, తక్కినవారి పాళ్లను లెక్కకట్టి చెల్లింపుడు. అట్టివారు ఇంటిలో లేనిచో, బాగుగా చూచుకొను పరులకమ్ముట తప్పు కాదు. మీరు బ్రతికియుండగనే మీ ట్రాక్టరు, మోటారు సైకిలు రిజిస్ట్రేషను పత్రములలో నామినీ పేరు వ్రాయింపుడు. 2021 నుండి దానికి వీలు కల్పింపబడినది. నామినీ యున్నంతమాత్రమున తక్కిన వారసుల పాళ్లు పోవు గాని, పేరు మార్పు సులభమగును. రేపు మీ పిల్లలు గోనెపట్టా కప్పిన బండిముందు ఏమియు తోచక నిలువవలసిన పని లేకుండ, ఆ చిన్నపనిని ఈ మాసముననే చేసికొనుడు.