అరువు తెచ్చిన యెముక

1895వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గు పట్టణమున రాంట్‌జెన్ పండితుడు తాను క్రొత్తగా కనుగొన్న కిరణములను తన భార్య చేతిపై ప్రసరింపజేసి ఛాయాచిత్రము తీసెను. చర్మమాంసములు లీలగా మాసిపోయి, వ్రేళ్ల యెముకలును ఉంగరమును మాత్రము స్ఫుటముగ నిలిచినవి. బ్రతికియున్న మనిషి యెముకలను లోకమునకు చూపిన తొలి చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది ఈ చేతి చిత్రమే. చేతి యెముకలో దాగిన కణితిని సాధారణముగా మొదట పట్టియిచ్చునవి నేటికిని ఆ కిరణములే.

చేతిలో 27 యెముకలు కలవు: మణికట్టున 8, అరచేతిలో 5, వ్రేళ్లలో 14. రెండు చేతులవి కలిపినచో 54. పెద్దవారి దేహమందలి 206 యెముకలలో ఇది నాలుగవ వంతుకు మించిన లెక్క. ఇంత చిన్నచోట ఇన్ని కీళ్లు అమరియుండుట చేతనే సుద్దముక్క పట్టుటయు, సూదిలో దారమెక్కించుటయు, నాగలి మేడిని బిగించుటయు ఒకే చేతికి సాధ్యమగుచున్నవి.

ఈ యెముకలలో పుట్టు కణితులలో తరచుగా కనబడునది మృదులాస్థి కణితి. ఇది సామాన్యముగా ప్రాణాంతకము కాదు. వ్రేలి యెముక లోపల మెల్లగా పెరిగి, దానిని గుల్లచేసి, పై పెంకును పలుచన చేయును. నొప్పి లేకపోవుటచే చాలమంది దీని నెరుగరు. ఒకనాడు ఆటలో తగిలిన స్వల్పమైన దెబ్బకే వ్రేలు విరుగును. ఎక్స్‌రే తీసినపుడు అసలు సంగతి బయల్పడును. వైద్యుడు యెముకకు చిన్న కిటికీ తెరచి, కణితిని గోకి తీసి, అవసరమైనచో ఆ గుంతను యెముక ముక్కలతో నింపును.

మహాకణ కణితి యనునది చేతిలో అరుదు. కాని దాని నడవడి దుడుకైనది. కాన్సరు జాతిది కాకపోయినను ఎముకను తినివేసి కీలు దాక ప్రాకగలదు. చేతిలో నిది వచ్చినపుడు, కేవలము గోకి తీసిన చోట తరచుగ మరల మొలచును. ఎప్పుడో యొకమారు ఊపిరితిత్తులకును చేరును. ఇచటనే శస్త్రవైద్యునికి ధర్మసంకటము. కొంచెము మిగిల్చినచో రోగము తిరిగివచ్చును. ఎముకను నిశ్శేషముగ తీసినచో వ్రేలు ఆధారము తప్పి కుంగును. వ్రేలినే ఖండించుట సులువైన మార్గమే. కాని బొటనవ్రేలు లేని చేతి లోటు ఏకలవ్యుని కథ విన్న ప్రతి విద్యార్థికిని తెలిసినదే. వ్రేలిని నిలుపవలెనన్నచో పోయిన యెముకకు బదులు ఎక్కడనుండి తేవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరపు వైద్యుడు ఒలియే ఒకడు. ఎముకను కప్పియుండు పొరకు క్రొత్త యెముకను పుట్టించు శక్తి కలదని ఆయన ప్రయోగములు చేసి, 1867లో గొప్ప గ్రంథము ప్రకటించెను. పెక్కు యెముకలలో మృదులాస్థి కణితులు లేచు వ్యాధి నేటికిని ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. గ్లాస్గో నగరమున మెకీవన్ అను వైద్యుడు, రోగముచే భుజపుటెముకను కోల్పోయిన బాలునికి, ఇతరుల వంకర కాళ్లను సరిచేయునపుడు తీసిన యెముక ముక్కలను అమర్చి, ఆ వృత్తాంతమును 1881లో వెల్లడించెను.

నేడు వైద్యులు తరచుగ రోగి దేహమునుండియే అరువు తెత్తురు. చిన్న లోటునకు తుంటి యెముక అంచునుండి ఒక ముక్క చాలును. అరచేతి యెముక మొత్తము పోయినచో దానిని పోలిన పాదపు టెముకనో, పిక్కలో వెలుపలి వైపున నుండు సన్నని యెముక తునకనో తీసి, కొలతకు చెక్కి, ఉక్కు తీగలతోనో పలకలతోనో బిగింతురు. ఇట్లు రక్తనాళములు లేక వచ్చిన యెముకలోని కణములు చాలవరకు నశించును. అయినను అది వ్యర్థము కాదు. చుట్టునుండి రక్తనాళములు దానిలోనికి ప్రాకును. పాతగోడలో ఇటుక తీసి ఇటుక పెట్టినట్లు, కొన్ని కణములు పాత యెముకను కరగించుచుండగా మరికొన్ని క్రొత్తదానిని పేర్చును. అతుకు కుదురుటకు వారములు, నెలలు పట్టును. ఈలోపల కీళ్లు బిగిసిపోకుండ వైద్యుడు చెప్పినంత మేరకు వ్రేళ్లను కదల్చుచుండవలెను. కణితి మరల తలయెత్తినదేమోయని కొన్ని సంవత్సరములు పరీక్షింపవలెను.

కనుక పిల్లవాని వ్రేలు తగని వాపు చూపినను, చిన్నదెబ్బకే విరిగినను కట్టుకట్టించి ఊరకుండరాదు. ఎక్స్‌రే తీయించుట మేలు. పెంకు మిగిలియుండగా పట్టుబడిన కణితికి ఒక కిటికీ చాలును. ఆలస్యమైనచో యెముకనే మార్చవలసి రావచ్చును. తుంటినుండి వచ్చిన ముక్క అరచేతిలో కుదురుకొని, ఆ చేయి మరల సుద్దముక్కను పట్టి నల్లబల్లపై అక్షరము దిద్దిననాడు అరువు సొంతమగును.