నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్

ఫ్లోరోసిస్ అనేది ఫ్లోరైడ్ మోతాదుకు మించి శరీరంలో చేరటం వలన దంతాలకు, ఎముకలకు కలిగే వ్యాధి. తెలంగాణ రాష్ట్రంలోని నల్గొండ జిల్లా ఈ వ్యాధి పీడిత ప్రాంతంగా దేశమంతటా తెలిసినది. ఇది అంటువ్యాధి కాదు, వంశపారంపర్యంగా సంక్రమించేదీ కాదు. ఈ ప్రాంతంలో ముఖ్యంగా తాగునీటి ద్వారా వచ్చినది. ఎముకలు వంకరపోయిన తరువాత వాటిని పూర్వస్థితికి తేగల మందు లేదు. అందువలన ఈ వ్యాధి చరిత్ర చాలావరకు మంచినీటి చరిత్రే. ఈ వ్యాసంలో నల్గొండ జిల్లా అనగా 2016 అక్టోబరులో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోక ముందరి ఉమ్మడి జిల్లా.

నీటిలో ఫ్లోరైడ్ చేరే విధానం

జిల్లాలో నేల అడుగున ఎక్కువగా గ్రానైటు, నైస్ శిలలు ఉన్నాయి. వీటిలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ వంటి ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నెమ్మదిగా భూగర్భజలంలో కరుగుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువగానూ, కాల్షియం తక్కువగానూ ఉన్నచోట ఇది మరింతగా కరుగుతుంది. వర్షాభావం వలన చెరువులు, ఊటబావులు ఎండినపుడు ప్రజలు లోతైన బోరుబావులపై ఆధారపడవలసి వచ్చినది.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదు. వేరే ఆధారం లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. జిల్లాలోని అనేక బావులలో ఇంతకు కొన్ని రెట్లు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. ఫ్లోరైడ్ వలన నీటి రంగు, వాసన మారవు. నీటిని కాచినా అది పోదు. పైగా కొంత నీరు ఆవిరి కావటం వలన దాని గాఢత పెరుగుతుంది.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట జిల్లా సరిహద్దులోనే ఉన్నది. దాని ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలకు నీరందించగా, ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ వంటి పశ్చిమ ప్రాంతాలకు ఆ నీరు పారలేదు. ఫ్లోరైడ్ బాధ తీవ్రంగా ఉన్న గ్రామాలు అనేకం ఈ ప్రాంతాలలోనివే.

లక్షణాలు

శాశ్వత దంతాలు ఏర్పడే బాల్యంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళపై పసుపు, గోధుమ రంగు మచ్చలు, గుంటలు ఏర్పడతాయి. సంవత్సరాల తరబడి అదే నీరు తాగితే ఎముకలలో ఫ్లోరైడ్ పేరుకొని కీళ్ళు బిగుసుకుపోతాయి. మెడ, నడుము వంగవు. వెన్నుపూసలు పెరిగి నరాలను నొక్కటం వలన కాళ్ళు పడిపోవచ్చును. ఎదిగే పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగిపోవటం కూడా కనిపిస్తుంది. ఆహారంలో కాల్షియం కొరత ఉన్న పేద కుటుంబాలలో వ్యాధి మరింత తీవ్రంగా ఉంటుంది. పొలంపనితో బతికేవారు నడుము వంచలేకపోతే ఆ ఇంటి జీవనోపాధి కూడా పోతుంది.

పరిశోధనలు

భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదిక 1937లో మద్రాసు రాష్ట్రంలోని నాటి నెల్లూరు జిల్లా నుండి వెలువడినది. నల్గొండ జిల్లాలోని వ్యాధిని గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైనది. తరువాతి కాలంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆహారానికి, ఈ వ్యాధికి గల సంబంధాన్ని పరిశీలించినది. పాఠశాల బాలురపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చింతపండు తిన్నపుడు మూత్రం ద్వారా ఎక్కువ ఫ్లోరైడ్ బయటకు పోయినట్లు గుర్తించారు. అయితే ఇది సురక్షితమైన నీటికి ప్రత్యామ్నాయం కాదు.

నల్గొండ పద్ధతి

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి ఈ జిల్లా పేరే పెట్టారు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెడతారు. ఏర్పడిన తెట్టె ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు చేరిన తరువాత పైతేట నీటిని వడకడతారు. ఇది చవకైనదే. అయితే ప్రతిసారీ నీటిలోని ఫ్లోరైడ్‌ను బట్టి పటిక మోతాదు నిర్ణయించాలి, మిగిలిన మడ్డిని జాగ్రత్తగా పారవేయాలి. ప్రతి ఇంట్లో, ప్రతి రోజూ ఇది సాగటం కష్టమైనది.

ఉద్యమం, నీటి సరఫరా

కృష్ణా జలాల కొరకు జల సాధన సమితి ఉద్యమించినది. 1996 లోక్‌సభ ఎన్నికలలో సమస్యను దేశం దృష్టికి తెచ్చుటకు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా, నల్గొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అందరి పేర్లు ఒక కాగితంలో పట్టక బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంగా ముద్రించవలసి వచ్చినది. పోలింగు వాయిదా పడినది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు.

తరువాత కృష్ణా నీటిని ఎత్తిపోసి, శుద్ధి చేసి గ్రామాలకు పంపే పథకాలు దశలవారీగా వచ్చాయి. ఇంటింటికి కుళాయి నీరు అందించే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపినది.

మిగిలిన సమస్యలు

పీడిత ఆవాసాలు లేవనుటకు అర్థం అక్కడివారికి సురక్షితమైన నీరు అందుతున్నదని మాత్రమే. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ తొలగిపోలేదు. కుళాయి నీరు ఆగి, ప్రజలు తిరిగి బోరునీరు తాగితే వ్యాధి మరల వచ్చును. కుళాయి రాకముందే వికలాంగులైన వారికి కొత్త నీటి వలన నడుము నిటారు కాదు. వారికి నొప్పి నివారణ, వ్యాయామ చికిత్స, అవసరమైనచోట శస్త్రచికిత్స, జీవనాధారం కావలసి ఉంటాయి. అందుచేత సరఫరాను, నీటి పరీక్షలను నిరంతరం కొనసాగించటం ఎంత అవసరమో, పాత బాధితుల సంరక్షణ కూడా అంతే అవసరం.