ఆటస్థలమా? అంగడివీధా?

ఆటను చూడటం వేరు, ఆట పేరిట జరిగే అమ్మకాన్ని చూడటం వేరు. ఈ రెండింటి నడుమ గల గీత నానాటికీ చెరిగిపోతున్నది. ఈ వింతకు పుట్టినిల్లు అమెరికా అని మనం తరచుగా అంటూ ఉంటాం. అక్కడ సూపర్ బౌల్ అనే ఫుట్‌బాల్ పోటీ ప్రసారంలో అరనిమిషపు ప్రకటనకు 1967లో సుమారు 40 వేల డాలర్లు పలుకగా, 2025 నాటికి ఆ ధర 80 లక్షల డాలర్ల దాకా పెరిగింది. కేవలం ప్రకటనల కోసమే ఆ ప్రసారం చూసేవారు కూడా ఉన్నారు. విందు కోసమే పెళ్ళికి వెళ్ళేవారు మనలో లేరా?

అయితే ఈ వింతను చూడటానికి మనం సముద్రాలు దాటనక్కరలేదు. సినిమా, క్రికెట్టు, వ్యాపార ప్రకటన అనే మూడూ ఒకే ముఖంతో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వాసులకు పరిచయమయ్యాయి. ఆ ముఖం ఒక విదేశీయునిది కావడం విశేషం. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ వార్నర్ 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు నాయకత్వం వహించి ఐ.పి.ఎల్. విజయాన్ని సాధించాడు. 2020 లాక్‌డౌన్‌లో ‘బుట్టబొమ్మ’ పాటకు ఇంట్లో చిందులు వేసి తెలుగువారికి ఇంటివాడయ్యాడు. 2021 తరువాత జట్టు అతనిని వదులుకొన్నది గాని, తెలుగు బజారు వదులుకోలేదు. 2024లో దర్శకుడు రాజమౌళితో కలిసి ఒక చెల్లింపుల కంపెనీ ప్రకటనలో కనిపించాడు. 2025లో ‘రాబిన్‌హుడ్’ అనే తెలుగు చిత్రంలో నటించాడు. జట్టు వదులుకొన్నా ముఖానికి గిరాకీ తగ్గలేదన్న మాట!

ఈ వ్యాపారంలో అసలు సరుకేమిటో విచారిద్దాం. 2023 నుండి 2027 వరకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 2022లో 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అంటే ఒక్కొక్క మ్యాచికి దాదాపు 118 కోట్లు. ఇంత సొమ్ము పోసి కొన్నవారు 2023లో ఆ ఆటలను సెల్‌ఫోనులో ఉచితంగా చూపించారు. ఇది దానధర్మం కాదు. వారు అమ్మేది ఆటను కాదు, ఆట చూస్తున్న మనలను. మన కన్నులు తెరకు అతుక్కొని ఉండే ఆ మూడున్నర గంటలను శీతల పానీయాలవారికి, సెల్‌ఫోనులవారికి, సిమెంటువారికి క్షణాల లెక్కన విక్రయిస్తారు.

సరుకు మనమైనప్పుడు ఆట కూడా అందుకు అనుగుణంగా వంగవలసి వస్తుంది. 2009లో ప్రతి ఇన్నింగ్స్ మధ్య ఏడున్నర నిమిషాల ‘వ్యూహ విరామం’ ప్రవేశపెట్టారు. ఆ విరామంలో ఆటగాళ్ళ వ్యూహం ఎంత సాగిందో గాని, ప్రకటనలు మాత్రం నిరాటంకంగా సాగాయి. విమర్శలు రాగా, మరుసటి సంవత్సరం నుండి దానిని రెండున్నర నిమిషాల ముక్కలుగా కోశారు.

ఇంతకంటె గమనార్హమైన సంగతి మరొకటి కలదు. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. 2020లో ఐ.పి.ఎల్. పోటీల పేరుకు ముందు చేరిన డ్రీమ్ ఎలెవెన్ అటువంటి వ్యాపారమే చేసేది. మన రాష్ట్రంలో ఆడరాని ఆట పేరును మన పిల్లలు ప్రతి సాయంత్రం మన ఇళ్ళలోనే విన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసేదాకా ఈ ఆటలు దేశంలో అనేకచోట్ల సాగాయి.

ఈ ధనప్రవాహం చెడుగు మాత్రమే చేసిందనడం న్యాయం కాదు. హైదరాబాదు ఆటోడ్రైవరు కుమారుడు మహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకొన్నది. అతని కనీస ధర 20 లక్షలే. ఒక్క మధ్యాహ్నంలో ఒక కుటుంబపు స్థితి మారింది. పాత రంజీ పద్ధతిలో ఇది ఊహకైనా అందనిది.

క్రీడాదినోత్సవానికి స్పాన్సర్‌ను వెతకాలన్న మాట కళాశాలలలోనూ వినబడుతున్నది. బనియన్ల మీద పేటలోని బట్టల దుకాణం పేరు వేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. బనియన్లు లేని జట్టుకు బనియన్లు కావలసిందే. కాని పందెపు ఆటల పేరు ఏ వేషంలో వచ్చినా కమిటీవారు తిరస్కరించాలనీ, ఆట మధ్య విరామం ఆటగాళ్ళ దాహాన్ని బట్టే ఇవ్వాలనీ మా విన్నపం.