చిల్లర బిళ్లపై చుక్క.. అదృష్టమా? అడ్రసా?

చిల్లరలో వచ్చిన రూపాయి బిళ్ల. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం! ఫోన్‌లో వెతికితే చాలు.. ‘ఈ గుర్తుంటే లక్షలు మీవే’ అంటూ వీడియోలు వరస కడతాయి. ఆశ పుట్టడం సహజమే. కానీ ఆ గుర్తు అసలు సంగతి వేరు.

ఎక్కడ పుట్టిందో చెబుతుంది

మన దేశంలో నాణేలు తయారుచేసే ప్రభుత్వ టంకశాలలు నాలుగు. ఏది ఎక్కడ తయారైందో తెలియడానికే ఈ గుర్తులు. మీ దగ్గరున్న బిళ్లలు తీసి, సంవత్సరం కింద చూడండి.

* నక్షత్రం: హైదరాబాద్
* డైమండ్: ముంబయి
* గుండ్రటి చుక్క: నోయిడా
* ఏ గుర్తూ లేకుంటే: కోల్‌కతా

అంటే నక్షత్రం మన ఊరి ముద్రన్నమాట! సైఫాబాద్‌లో 1903 నుంచి నడిచిన టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది.

1985 నాటి రూపాయి బిళ్ల దొరికితే ఇంకాస్త శ్రద్ధగా చూడండి. ‘హెచ్’ అక్షరం ఉంటే అది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైనట్టు. అప్పట్లో కొన్ని నాణేలను విదేశాల్లోనూ చేయించారు.

మరి ధర?

ఒక్కో టంకశాల నుంచి కోట్లకొద్దీ నాణేలు వస్తాయి. కాబట్టి నక్షత్రమో, డైమండో ఉన్నంత మాత్రాన అరుదైనది అయిపోదు. సేకరించేవాళ్లు చూసేది వేరే: ఆ ఏడాది ఆ టంకశాలలో ఎన్ని తయారయ్యాయి? బిళ్ల ఎంత అరిగింది? బొమ్మ పక్కకు జరిగి పడటంలాంటి తయారీ లోపం ఉందా? వాడకంలో పడిన గీతలు, సొట్టలు లోపాల కిందికి రావు.

ఫీజు అడిగితే మోసమే

అసలు గొడవ ఇక్కడే. ‘మీ నాణేన్ని లక్షలకు కొంటాం’ అంటారు. ఆ తర్వాత కమీషన్, ట్యాక్స్ పేరుతో ముందుగా డబ్బు పంపమంటారు. తమ పేరు, లోగో వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని 2021లో ఆర్‌బీఐ స్వయంగా హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధమే లేదని, ఇందుకోసం ఎలాంటి ఫీజూ తీసుకోమని తేల్చేసింది.

అమ్మేది మీరు, డబ్బు రావాల్సింది మీకు. ఎదురు కట్టమన్నారంటే అక్కడే ఆగిపోండి. ఓటీపీ, యూపీఐ పిన్ చెప్పొద్దు. ఇప్పటికే డబ్బు పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.