గోడ గడియారం, అరకు రైలు

మొన్న సంక్రాంతికి మీ నెల్లూరు బాబాయి వచ్చి హాల్లో పడుకున్నాడు గుర్తుందా? పొద్దున్నే కళ్లు ఎర్రగా చేసుకుని, "పెదనాన్నా, ఈ గడియారం టిక్కుటిక్కుమంటూ రాత్రంతా చంపేసింది. మీరెలా నిద్రపోతున్నారు?" అన్నాడు. అది చప్పుడు చేస్తుందన్న సంగతే నేను మరిచిపోయి ముప్ఫయ్యేళ్లయింది.

ఒరే చిన్నా, బుజ్జీ, ఇలా వచ్చి కూర్చోండి. మీ నాన్నకి బోనస్ వచ్చింది, పెద్ద టీవీ కొనాలా, మళ్లీ అరకు వెళ్లాలా అని ఇల్లు రెండు పార్టీలయింది. నా ఓటు ఎటో చెప్పేముందు ఆ గడియారం సంగతి తేల్చుకుందాం.

మన నరాల కణాలది పేపరు విలేకరి బుద్ధి. సూర్యుడు తూర్పున ఉదయించాడని ఎవడైనా వార్త రాస్తాడా? ఏదైనా మారినప్పుడే వాటికి హడావిడి. అలాగే ఉండిపోయినదాని గురించి కాసేపు చెప్పి ఊరుకుంటాయి. ఒంటిమీద చొక్కా ఉన్నట్టు మనకి తెలియనిదీ, కళ్లజోడు పెట్టుకునే దానికోసం నేను ఇల్లంతా వెతికేదీ ఇందుకే. నవ్వకండి.

స్విట్జర్లాండ్‌లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే ఆయన 1990లలో కోతుల మెదడులోకి తొంగిచూశాడు. కోతికి పళ్లరసం చుక్క ఇస్తే డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు చెలరేగాయి. తర్వాత రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాడు. కొన్నాళ్లకి కణాలు దీపం చూసి ఎగరడం మొదలెట్టాయి, రసం నోట్లో పడితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎలాగూ వస్తుందని తెలుసుగా! అసలు తమాషా ఇంకొకటుంది. దీపం వెలిగాక రసం ఇవ్వకపోతే, ఆ కణాలు మామూలుగా చేసే పాటి సందడి కూడా మానేశాయి.

మన పాత టీవీ కథ కూడా ఇంతే కదూ! వచ్చిన వారం పక్కింటివాళ్లని కూడా పిలిచి చూపించాం. నెల తిరిగేసరికి అదీ గోడలో ఇటుకే. మొన్న నాలుగు రోజులు చెడిపోతే మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నారు. ఉన్నన్నాళ్లూ పట్టించుకోలేదు, పోయాక ఏడుపు.

ఇక అరకు. రెండేళ్ల కిందట కొత్తవలసలో ఎక్కాం. రైలు మూడు గంటలు లేటు. పులిహోర పులిసింది. బొర్రా గుహల దగ్గర వాన, గొడుగు ఇంటిదగ్గర. బొంగులో చికెన్ కారానికి చిన్నాగాడు చెవులు పట్టుకుని గెంతాడు. ఆ రోజు మీలో ఒక్కరి మొహమూ బాగాలేదు. మరి ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా ముందుగా చెప్పేది ఆ గెంతుడేగా? టెర్రెన్స్ మిచెల్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కాలిఫోర్నియాలో మూడు వారాల సైకిలు యాత్ర చేసినవాళ్లని ఇలాగే గమనించారు. దారిలో వాన అనీ, అలసట అనీ గొణిగినవాళ్లే తిరిగొచ్చాక భలేగా ఉందన్నారు. జ్ఞాపకం అంటే బీరువాలో దాచిన పట్టుచీర కాదర్రా, రాత్రి మిగిలిన పప్పు లాంటిది. తీసినప్పుడల్లా మెదడు మళ్లీ పోపు వేస్తుంది. టీవీకి పోపు వేయడం కుదరదు.

లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు 2003లో అచ్చు వేసిన సర్వేలో వెయ్యిమందికి పైగా అమెరికావాళ్లని ఇదే అడిగారు. వస్తువు ఎక్కువ సంతోషం ఇచ్చిందన్నవాళ్లు 34 శాతం, చేసిన పని, తిరిగిన ఊరు ఇచ్చిందన్నవాళ్లు 57 శాతం.

ఇది మీ నానమ్మకి చెబితే పోపుగరిటె పట్టుకునే వచ్చింది. "కట్టెల పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్నదాన్ని నేను. గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు సంతోషం ఏ అరకూ ఇవ్వదు. ఆ దొరల్ని వచ్చి ఊదమనండి!" నిజమే, ఒప్పుకున్నాను. ఆ సర్వేలోనే ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్ల దగ్గర ఈ తేడా దాదాపు కనబడలేదు. 2018లో వచ్చిన ఇంకో పరిశోధనా అదే దారిలో నడిచింది. చేతిలో నాలుగు రూపాయలు అదనంగా ఆడేవాళ్లకే యాత్రలు ఎక్కువ తీపి. ఇల్లు కారుతున్నవాడికి రేకు కొనడం కంటే గొప్ప విహారయాత్ర ఏముంటుంది? ఈ లెక్కలన్నీ పొయ్యి, పైకప్పు అమరిన ఇళ్లకే.

మన ఇంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి నా ఓటు అరకుకే. ఎదురుచూపు కూడా కలిసొస్తుంది. వస్తువు కోసం చూసే ఎదురుచూపులో చిరాకు పాలెక్కువనీ, ప్రయాణం కోసం చూసేదాంట్లో సరదా ఎక్కువనీ అమిత్ కుమార్ అనే ఆయన, గిలోవిచ్ బృందం 2014లో రాశారు. జంతికలు వండటం, కిటికీ సీటు కోసం మీ ఇద్దరి కొట్లాట, అవన్నీ అందులోవే. మునుపు రైలు టికెట్టు 120 రోజుల ముందే తీసుకోనిచ్చేవాళ్లు. 2024 నవంబరు నుంచి 60 రోజులు చేశారు. మన సరదాలో సగం కోసేశారన్నమాట! దీనిమీద రైల్వేకి ఉత్తరం రాద్దామనుకుంటే నానమ్మ కాగితం లాక్కుంది.

ఒక్క మాట దాచకూడదు. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూస్తే, సెలవుకి వెళ్లేవాళ్లు బయల్దేరకముందే ఇంటిదగ్గర ఉండేవాళ్లకంటే హుషారుగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరూ ఒకటే, బాగా విశ్రాంతి దొరికినవాళ్లు తప్ప. కాబట్టి ఈసారి మీ నాన్న ఒక్కరోజులో ఆరు చోట్లు తిప్పుతానంటే నేను రాను.

ఆ రోజు ఇదంతా చెప్పాను. మీ నాన్న తలూపుతూ విన్నాడు, విని టీవీయే ఆర్డరిచ్చాడు. అది బుధవారం వచ్చింది. దాని అట్టపెట్టెకి బుజ్జి కిటికీలు కోసి, మూలన పెట్టి, రైలు చేసింది. అయిదు రోజులుగా టీవీ ముందు ఎవరూ లేరు. నాకు కిటికీ సీటు కావాలంటే పది రూపాయలట, ముసలివాళ్లకి రాయితీ లేదట.